పద్నాలుగు టిక్కులు

చీమకుర్తి బస్టాండు వెనక, రక్తపరీక్షల ల్యాబు మీది గది.
ఫ్యాను ఆపేశాను, రికార్డులో హోరు పడకూడదు.
బల్ల మీద ఇన్సులిన్ పెన్ను,
పొట్టకు బదులు ఒక స్పాంజి ముక్క.
లోపలున్నది మందు కాదు, ఉత్త నీళ్ళు.
ఆ సంగతి ముందే చెప్పాలని రూలు.
చెప్పాను.

"గాలెయ్యగారూ, ఈ పరీక్ష మీకు కాదు, పెన్నుకి."
అదీ రూలే. ఉన్నదున్నట్టు చదవాలి,
ఒక్క మాట పెంచకూడదు.
ఆయన నా పెదాల వంక చూసి తలూపాడు.
సంతకం వచ్చు గానీ వేలిముద్రే వేస్తానన్నాడు.
వేస్తే, ముద్రలో గీతల్లేవు.
ఇరవై ఆరేళ్ళు రామతీర్థం క్వారీలో
డ్రిల్లు పట్టిన బొటనవేలు
కాగితం మీద ఊదా మచ్చయి కూర్చుంది.

వయసు యాభై ఎనిమిది. చక్కెర తొమ్మిదేళ్ళుగా.
చదువు ఐదో తరగతి.
చెవుల సంగతి రాయడానికి గడి లేదు.

మొదటి పని: పద్నాలుగు యూనిట్లు పెట్టుకోండి, పొడవండి.
"టిక్‌మన్న ప్రతిసారీ ఒక యూనిట్" అంటుంది సూచనల కాగితం.
ఆయన తిప్పుతున్నాడు.
నాకు వినపడుతూనే ఉంది
పన్నెండు, పదమూడు, పద్నాలుగు,
పదిహేను.
నాలుక కొరుక్కున్నాను.
సాయం చెయ్యకూడదు. కనుబొమ్మ కూడా ఎగరెయ్యకూడదు.
పదహారు, పదిహేడు.
కెమెరాకి అవతల బెంగళూరులో నలుగురు
టీ తాగడం ఆపి ఉంటారు.
ఇరవై రెండు దగ్గర ఆగాడు.
స్పాంజిలోకి దించాడు మెల్లగా,
దానికి నొప్పెడుతుందేమోనన్నట్టు.

నిజం మందైతే ఈ రాత్రి
చెమటలు, వణుకు,
నోట్లో పంచదార పోసేవాళ్ళు లేకపోతే
తెల్లారదు.
నీళ్ళు గనక స్పాంజి తడిసింది, అంతే.

"తప్పు చేశానా తల్లీ?"
దీనికి జవాబు ముందే రాసిచ్చారు నాకు.
"ఇక్కడ తప్పొప్పులు లేవు" అని చదివాను.
ఆయన నమ్మలేదు.
"నాదేలే. డ్రిల్లు తినేసింది చెవుల్ని.
మీ పెన్నుకేం, బాగుంది."

వాడిన మనిషి తప్పు అనే గడి
ఈ ఫారంలో ఎంత వెతికినా దొరకదు.
వాడుకలో దొర్లిన తప్పు, అక్కడితో సరి.
బ్లేడు విరిగితే కూలీ కోసేవాళ్ళనే చూశాడాయన.
పనిముట్టు చేత సంజాయిషీ రాయించే కాగితం
ఒకటుంటుందని ఎవరు చెప్పారు గనక?

రెండోసారి.
పెన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు.
అంకెల కిటికీ మినపగింజంత.
చూసి చూసి, ఏదో గుర్తొచ్చినవాడిలా
పెన్ను కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.
కళ్ళు మూశాడు. తిప్పాడు.
ఒక్కో టిక్కుకీ దవడ దగ్గర నరం చిన్నగా ఎగిరింది.
సరిగ్గా పద్నాలుగు దగ్గర వేలు నిలిచింది.

"ఎందుకలా చేశారు?" తర్వాత అడగాలి, అడిగాను.

"బండలో పగులుందో లేదో కొట్టి ఇనాలమ్మా.
మంచి బండ ఖంగుమంటది, చెడింది డబ్బుమంటది.
చెవులు పోయినాక, ఇంకోడు సుత్తితో కొడతా ఉంటే
గడ్డపార ఒక కొస బండకానిచ్చి
రెండో కొస పళ్ళతో పట్టుకునేవోణ్ణి.
ఎముక్కి చెవుడు రాదు గదా."

రాశాను.
పరికరం నోట్లో పెట్టుకున్నారు. ఊహించని వాడుక.
క్రిములు చేరే ప్రమాదం. తీవ్రత, మధ్యస్థం.
పరిష్కారం గడిలో మామూలుగా
"హెచ్చరిక చేర్చాలి" అని రాస్తాం;
పెట్టె మీద చీమతలంత అక్షరాల్లో
ఇంకో వాక్యం పెరుగుతుంది.
నా పెన్ను అక్కడ కాసేపు ఆగింది.
టిక్కు వేలికి తగలాలి, అని రాశాను.
ఎలాంటి వేలికో తెలియాలంటే
అంగీకారపత్రం చివరి పేజీ చూడండి.

మధ్యాహ్నం బ్లాస్టింగుకి కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి.
గాలెయ్య నాకంటే ముందే తలెత్తాడు,
పాదాలకు తెలిసినట్టుంది.
చార్జీల కవరు జేబులో పెట్టుకుని
మెట్ల దగ్గర వెనక్కి తిరిగాడు.
"ఇంతకీ, పెన్ను పాసయిందా?"

దీనికి జవాబు ఎవరూ రాసివ్వలేదు.
రికార్డింగు ఆపేశాను.
తల అడ్డంగా ఊపాను.